స్కూల్‌కి స్టాఫ్ కావాలంటే యాడ్ ఎలా రాయాలి, చాలా యాడ్స్ ఎందుకు పనిచేయవు

"అన్ని సబ్జెక్టులకు అనుభవజ్ఞులైన టీచర్లు కావలెను. డైనమిక్‌గా, డెడికేటెడ్‌గా ఉండాలి. మంచి కమ్యూనికేషన్ స్కిల్స్ తప్పనిసరి. అర్హతను బట్టి ఆకర్షణీయమైన జీతం. వెంటనే సంప్రదించండి."

ఇలాంటి యాడ్ చూడని టీచర్ దాదాపు ఉండరు. చదవడానికి తప్పేం కనిపించదు, కానీ ఉద్యోగం వెతుక్కుంటున్న మనిషి స్థానంలో కూర్చుని చదివితే ఒక్క ప్రశ్నకి కూడా జవాబు దొరకదు. ఏ క్లాసులు చెప్పాలి, వారానికి ఎన్ని పీరియడ్లు, జీతం ఎంత, సెలవుల్లో జీతం వస్తుందా రాదా, ఎప్పటి నుంచి చేరాలి, డెమో ఉంటుందా, ఎవరితో మాట్లాడాలి, ఏదీ లేదు. దాంతో ఏమవుతుందంటే నిజంగా సరిపోయే మనిషి, ఇప్పటికే ఒక ఉద్యోగంలో ఉన్న మనిషి, ఇంత అస్పష్టమైన దానికోసం లీవ్ పెట్టుకుని ఎందుకు వెళ్లాలి అనుకుని వదిలేస్తారు, ఎక్కడ యాడ్ కనిపించినా రెజ్యూమె పంపేవాళ్లు మాత్రం ఇక్కడా పంపేస్తారు. తర్వాత మేనేజ్‌మెంట్ "వంద రెజ్యూమెలు వచ్చాయి కానీ ఒక్కరూ పనికొచ్చేవాళ్లు లేరు, ఈ రోజుల్లో మంచి టీచర్లు దొరకట్లేదు" అంటుంది.

మంచి టీచర్లకి కొరత ఉన్న మాట నిజమే, అది నేనేం కాదనను. 2030 నాటికి ప్రపంచం మొత్తం మీద ప్రైమరీ, సెకండరీ కలిపి 4.4 కోట్ల మంది టీచర్లు అదనంగా కావాలని యునెస్కో లెక్క, ప్రైమరీ టీచర్లలో ఏటా వృత్తి వదిలేసి పోయేవాళ్లు 2015లో 4.6 శాతం ఉంటే 2022కి 9 శాతం దాకా వెళ్లిందని కూడా అదే సంస్థ చెప్పింది. అయితే ఈ కొరత వల్లే యాడ్ ఇంకా జాగ్రత్తగా రాయాల్సి వస్తుంది, ఎందుకంటే ఇప్పుడు ఎంచుకునేది స్కూల్ ఒక్కటే కాదు, టీచర్ కూడా స్కూల్‌ని ఎంచుకుంటున్నారు. నా ఉద్దేశం ఏంటంటే యాడ్ బాగా లేకపోవడానికి కారణం చాలాసార్లు భాష కాదు, అసలు ఆ ఉద్యోగం ఏంటో స్కూల్ లోపల తేల్చుకోకపోవడం. తేలని విషయాన్ని ఎంత మంచి భాషలో రాసినా "డైనమిక్", "డెడికేటెడ్" దగ్గరే ఆగిపోతుంది.

ఎదుటివాళ్లకి తెలియనిది ఏంటి

ఉద్యోగం ఇచ్చే చోట ఎప్పుడూ ఒక చిక్కు ఉంటుంది, ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియదు. ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లో సెకండ్ హ్యాండ్ కార్ల మార్కెట్ మీద రాసిన పేపర్ ఈ విషయంలో బాగా పేరున్నది. అమ్మేవాడికి కారు సంగతి తెలుసు, కొనేవాడికి తెలియదు, మంచి కారునీ చెడ్డ కారునీ విడదీసే దారి లేకపోతే కొనేవాడు రెంటికీ కలిపి ఒక మధ్యస్థ రేటే ఇస్తానంటాడు, ఆ రేటుకి మంచి కారున్నవాళ్లు అమ్మడమే మానేస్తారు. మైకేల్ స్పెన్స్ 1973లో దీన్ని ఉద్యోగాల మార్కెట్‌కి వర్తింపజేసి, చదువు, డిగ్రీ లాంటివి అభ్యర్థి తన గురించి ఇచ్చే సంకేతాలుగా పనిచేస్తాయని చెప్పాడు. వీళ్లిద్దరికీ, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌కీ కలిపి 2001లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు.

మామూలుగా దీన్ని ఒకవైపు నుంచే చూస్తారు, అభ్యర్థి ఎలాంటివాడో స్కూల్‌కి తెలియదు కాబట్టి సర్టిఫికెట్లు అడుగుతాం, డెమో పెడతాం అని. రెండో వైపు ఎవరూ పట్టించుకోరు. స్కూల్ ఎలాంటిదో అభ్యర్థికి కూడా తెలియదు కదా. ప్రతి స్కూలూ "మంచి వాతావరణం, ఆకర్షణీయమైన జీతం, ఎదుగుదలకు అవకాశం" అనే రాస్తే, నిజంగా మంచి వాతావరణం ఉన్న స్కూల్‌కీ, నెలకొకరు మానేసే స్కూల్‌కీ కాగితం మీద తేడా లేనట్టే. ఆ మాటలు రాయడానికి ఖర్చేం లేదు, చెడ్డ స్కూల్ కూడా రాయగలదు. స్పెన్స్ చెప్పినదాని సారం కూడా ఇదే, ఒక సంకేతానికి విలువ రావాలంటే, నిజంగా ఆ గుణం లేనివాళ్లకి దాన్ని చూపించడం కష్టంగా ఉండాలి.

అంటే మంచి స్కూల్ రాయాల్సింది చెడ్డ స్కూల్ రాయలేని మాటలు. జీతం అంకె. వారానికి పీరియడ్ల లెక్క. క్లాసులో ఎంతమంది పిల్లలు. కొత్తగా చేరినవాళ్లకి మొదట్లో ఎవరు తోడుంటారు. ఈ పోస్ట్ ఎందుకు ఖాళీ అయింది. చివరిది చాలామంది రాయడానికి ఇష్టపడరు కానీ ప్రతి అభ్యర్థి మనసులో ముందు వచ్చే ప్రశ్న అదే, "ఇంతకుముందు ఉన్న టీచర్ రిటైర్ అవుతున్నారు" అనో, "పిల్లలు పెరిగి కొత్త సెక్షన్ తెరుస్తున్నాం" అనో ఒక్క ముక్క రాస్తే పడే నమ్మకం పది విశేషణాలు రాసినా పడదు.

రాయడానికి ముందు చేయాల్సిన పని

పోస్ట్ ఖాళీ అవగానే పాత యాడ్ ఫైల్ తెరిచి తేదీ మార్చి వేసేయడం చాలా చోట్ల జరిగేదే. దానికి బదులు వెళ్లిపోతున్న మనిషితో ఒక అరగంట కూర్చోవాలి. వాళ్ల చేతిలో ఉన్న అసలు పనులు ప్రిన్సిపాల్‌కి కూడా పూర్తిగా తెలియవు. సైన్స్ టీచర్ అని పేరే కానీ ల్యాబ్ స్టాక్ రిజిస్టర్ ఆమే రాస్తుంది, సైన్స్ ఫెయిర్ ఆమే నడుపుతుంది, ఎగ్జామ్ సెక్షన్‌లో మార్కుల ఎంట్రీ కూడా ఎప్పుడో రెండేళ్ల కింద ఎవరో లీవ్‌లో ఉన్నప్పుడు ఆమె మీద పడి అలాగే ఉండిపోయింది. ఇవన్నీ కొత్త మనిషి మీద కూడా పడతాయా, లేక ఇప్పుడే విడదీసి వేరేవాళ్లకి ఇచ్చేస్తారా అన్నది యాడ్ రాయకముందే తేలాలి, ఎందుకంటే చేరిన మూడో వారంలో "ఇది కూడా మీదే" అని ఒక్కోటి బయటపడుతుంటే ఆ మనిషి ఎక్కువ కాలం ఉండరు.

ఆ పోస్ట్ పక్కన పనిచేసేవాళ్లని కూడా అడగాలి. డిపార్ట్‌మెంట్‌లో అందరూ పై క్లాసులు బాగా చెప్పేవాళ్లే ఉండి చిన్న క్లాసులకి పునాదులు వేసేవాళ్లు లేకపోతే, కావాల్సింది ఇంకో సీనియర్ కాదు, చిన్న పిల్లలతో ఓపికగా కుస్తీ పట్టగలిగే మనిషి. ఇవన్నీ తేల్చుకున్నాక యాడ్ రాయడానికి పెద్ద టైమ్ పట్టదు. రాస్తూ రాస్తూ ఎక్కడైనా కలం ఆగి "మంచి", "ఉత్తమ" లాంటి మాటలు వెతుక్కుంటున్నారంటే అక్కడ ఇంకా ఏదో తేలలేదనే లెక్క.

ఒక యాడ్‌ని దగ్గరగా చూద్దాం

ఉదాహరణకి మ్యాథ్స్ టీచర్ పోస్ట్ తీసుకుందాం. "అనుభవజ్ఞులైన మ్యాథ్స్ టీచర్ కావలెను" అన్న చోట ఇలా రాశారనుకోండి:

"7, 8 తరగతులకి మ్యాథ్స్ టీచర్ కావాలి. నాలుగు సెక్షన్లు, ఒక్కో సెక్షన్‌కి వారానికి 6 చొప్పున 24 పీరియడ్లు, పీరియడ్ 40 నిమిషాలు. సెక్షన్‌లో సుమారు 32 మంది పిల్లలు. మొదటి టర్మ్ అయ్యాక ఒక సెక్షన్‌కి క్లాస్ టీచర్ బాధ్యత కూడా ఉంటుంది, దానికి వారానికి ఇంకో 2 పీరియడ్లు. 7వ తరగతిలో చాలామందికి భిన్నాలు, దశాంశాలు ఇంకా పట్టుబడలేదు, మొదటి కొన్ని నెలలు ఎక్కువ పని అక్కడే. మ్యాథ్స్ టీచర్లు ఇంకో నలుగురు ఉన్నారు, ప్రతి బుధవారం చివరి పీరియడ్ కలిసి కూర్చుని వచ్చే వారం పాఠాలు ప్లాన్ చేసుకుంటారు. ఇప్పుడున్న టీచర్ ఈ ఏడాది చివర్లో రిటైర్ అవుతున్నారు."

దీంట్లో ఒక్క పొగడ్త లేదు. అయినా టీచర్ అయిన మనిషి ఇది చదవగానే లెక్క వేసేసుకుంటారు, 24 పీరియడ్లు అంటే 960 నిమిషాలు, వారానికి 16 గంటలు క్లాసులో. నాలుగు సెక్షన్లలో కలిపి 128 నోట్‌బుక్కులు. రెండు తరగతులే కాబట్టి పాఠం తయారు చేసుకోవడం రెండు రకాలు చాలు, ఐదు తరగతులు తిరగక్కర్లేదు. ఈ లెక్క వాళ్లకి సరిపోతే అప్లై చేస్తారు, సరిపోకపోతే చేయరు, రెండింట్లోనూ స్కూల్‌కి లాభమే.

భిన్నాల గురించి రాసిన వాక్యం చూడండి. మేనేజ్‌మెంట్‌కి అది తీసేయాలనిపిస్తుంది, మా పిల్లలు వీక్ అని మనమే చెప్పుకోవడం ఏంటి అని. నా దృష్టిలో యాడ్ మొత్తంలో ఉంచి తీరాల్సిన వాక్యం అదొక్కటే. పిల్లలు ఎక్కడ ఆగిపోయారో గమనించే స్కూల్ ఇది అని దాని వల్ల తెలుస్తుంది, వెనకబడ్డ పిల్లల్ని పైకి తేవడం అంటే ఇష్టం ఉన్న టీచర్ అక్కడే ఆగి రెండోసారి చదువుతారు, ర్యాంకుల బ్యాచ్ మాత్రమే చెప్పాలనుకునేవాళ్లు పక్కకి వెళ్లిపోతారు, అది కూడా మంచిదే.

ఉద్యోగంలోని మంచీ చెడూ రెండూ ముందే చెప్పడం మీద సైకాలజిస్టులు చాలాకాలంగా పరిశోధన చేస్తున్నారు, జాన్ వానస్ 1970ల్లోనే దీని మీద పనిచేశాడు. అలా ముందే చెబితే చేరాక మానేసేవాళ్లు కొంత తగ్గుతారని తేలింది, ప్రభావం మరీ పెద్దదేం కాదు, కానీ ఉంది. పైగా స్కూల్‌లో ఇది మిగతా ఆఫీసుల కంటే ఎక్కువ లెక్కలోకి వస్తుంది, ఆఫీస్‌లో ఒకరు మధ్యలో మానేస్తే ఫైళ్లు ఆగుతాయి, స్కూల్‌లో మానేస్తే అక్టోబర్‌లో నూట ఇరవై మంది పిల్లలకి టీచర్ మారతారు.

జీతం రాయాలా వద్దా

రాయాలి. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు. రాయకపోవడానికి చెప్పే కారణాలు రెండు, ఒకటి పక్క స్కూల్‌కి తెలిసిపోతుందని, రెండోది ఇప్పుడున్న స్టాఫ్ చూసి "మాకంటే కొత్తవాళ్లకి ఎక్కువా" అంటారని. మొదటిది ఎలాగూ తెలిసేదే, టీచర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. రెండోది నిజమైన సమస్యే కానీ అది యాడ్ సమస్య కాదు, జీతాల సమస్య, దాన్ని దాచిపెట్టి నడపడం ఎంతో కాలం కుదరదు.

చట్టాలు కూడా ఇటే నడుస్తున్నాయి. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2021 నుంచి, కాలిఫోర్నియా 2023 నుంచి ఉద్యోగ ప్రకటనల్లో జీతం రేంజ్ ఇవ్వాలని రూల్ పెట్టాయి. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన పే ట్రాన్స్‌పరెన్సీ డైరెక్టివ్ ప్రకారం ప్రారంభ జీతం గానీ రేంజ్ గానీ ఇంటర్వ్యూకి ముందే అభ్యర్థికి తెలియాలి, అంతేకాదు "ఇంతకుముందు మీకు ఎంత ఇచ్చేవాళ్లు" అని అడగడం కూడా కుదరదు, సభ్య దేశాలు దీన్ని తమ చట్టాల్లోకి తెచ్చుకోవడానికి గడువు 2026 జూన్ 7గా పెట్టారు. పాత జీతం అడగొద్దు అనడంలో న్యాయం ఏంటంటే, ఒకచోట తక్కువకి మొదలుపెట్టిన మనిషి ఆ తక్కువని ప్రతి ఉద్యోగానికీ మోసుకెళ్లాల్సి వస్తుంది.

రేంజ్ ఇచ్చినా కింద అంకెకీ పై అంకెకీ మూడు రెట్లు తేడా ఉంటే ఇచ్చీ ఇవ్వనట్టే. ఏ అర్హతకి, ఎన్నేళ్ల అనుభవానికి ఎక్కడ మొదలవుతుందో ఒక వాక్యం కలపాలి. స్కూల్ ఉద్యోగానికి మాత్రమే ఉండే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి, జీతం పన్నెండు నెలలకా లేక స్కూల్ నడిచే నెలలకేనా, ప్రొబేషన్‌లో తక్కువ ఇస్తారా, వేరే టీచర్ రాని రోజు వాళ్ల క్లాస్ తీసుకుంటే దానికి ఏమైనా ఉందా, తమ పిల్లల్ని అదే స్కూల్‌లో చేర్పిస్తే ఫీజులో తగ్గింపు ఉందా. ఇవి అడగడానికి అభ్యర్థులు మొహమాటపడతారు, అడగకుండానే చెబితే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

అర్హతల చిట్టా

అర్హతలు రాసేటప్పుడు చెయ్యి ఆగదు. పీజీ ఉండాలి, ఐదేళ్ల అనుభవం ఉండాలి, కంప్యూటర్ రావాలి, ఆటలు పాటలు రావాలి, ఒత్తిడిలో పనిచేయాలి, వీకెండ్స్ అందుబాటులో ఉండాలి. ప్రతి దాని పక్కన "ఇది లేకపోతే మొదటి రోజు పని ఆగిపోతుందా?" అని వేసుకుని చూస్తే చిట్టా సగానికి పడిపోతుంది. చట్టం ప్రకారం ఉండాల్సిన టీచింగ్ క్వాలిఫికేషన్, లైసెన్స్ లాంటివి ఎలాగూ ఉండాలి, వాటిలో రాజీ లేదు. మిగతావి రెండు రకాలు, వచ్చేటప్పుడే ఉండాల్సినవి, వచ్చాక నేర్చుకోగలిగేవి. స్కూల్ వాడే సాఫ్ట్‌వేర్‌లో అటెండెన్స్ వేయడం రెండు రోజుల్లో వస్తుంది, దాన్ని తప్పనిసరి అని రాయడం వల్ల ఒక మంచి టీచర్ పోతే ఎవరికి నష్టం?

పనికి సంబంధం లేని అర్హత పెట్టడం న్యాయం కాదన్నది చాలా పాత సంగతి. 1971లో అమెరికా సుప్రీం కోర్ట్ గ్రిగ్స్ వర్సెస్ డ్యూక్ పవర్ కేసులో ఇదే చెప్పింది, ఆ కంపెనీ కొన్ని పనులకి హైస్కూల్ డిప్లొమా, కొన్ని పరీక్షలు తప్పనిసరి చేసింది, ఆ పనులు చేయడానికి అవి అవసరమని చూపించలేకపోయింది, వాటి వల్ల నల్లజాతి కార్మికులు బయట ఉండిపోయారు. ఉద్దేశం ఏదైనా సరే, పనితో సంబంధం లేని అడ్డంకి ఒక వర్గాన్ని బయట పెడితే అది వివక్షే అని కోర్ట్ అంది.

అనుభవం సంగతి ఇంకొంచెం చూడాలి. టీచర్లు మొదటి కొన్నేళ్లలో వేగంగా మెరుగవుతారని, తర్వాత ఆ వేగం తగ్గుతుందని చాలా అధ్యయనాల్లో కనిపించింది. అంటే అసలు క్లాస్ తీసుకోని మనిషికీ మూడేళ్లు చెప్పిన మనిషికీ మధ్య తేడా నిజమే, ఐదేళ్లకీ ఎనిమిదేళ్లకీ మధ్య తేడా అంత ఉండకపోవచ్చు. కాబట్టి "కనీసం 8 సంవత్సరాలు" అని రాసేముందు ఆ ఎనిమిది ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి ఆలోచించుకోవడం మంచిది.

మాటల ఎంపిక కూడా ఒక రకమైన అర్హతే. గాషర్, ఫ్రీసెన్, కే అనే ముగ్గురు పరిశోధకులు 2011లో ప్రచురించిన పరిశోధనలో మగవాళ్లు ఎక్కువగా ఉండే రంగాల యాడ్స్‌లో పోటీ, ఆధిపత్యం, నాయకత్వం తరహా మాటలు ఎక్కువ ఉన్నాయని, అలాంటి యాడ్స్ చదివిన ఆడవాళ్లకి ఆ ఉద్యోగం మీద ఆసక్తి తగ్గిందని తేలింది, తగ్గింది "నాకు చేతకాదు" అనుకుని కాదు, "అది నాలాంటి వాళ్లుండే చోటు కాదు" అనిపించి. ప్రిన్సిపాల్, వైస్ ప్రిన్సిపాల్ పోస్టుల యాడ్స్ ఒకసారి ఈ కళ్లతో చదివి చూడండి. ఇంకోవైపు చిన్న పిల్లల క్లాసులకి "అమ్మలాంటి మనసున్న టీచర్ కావాలి" అని రాస్తారు, అది బాగానే వినిపిస్తుంది కానీ మగవాళ్లు ఆ వాక్యం దగ్గరే తప్పుకుంటారు, పైగా పని ఏంటో కూడా అది చెప్పదు. నాలుగేళ్ల పిల్లాడు బ్యాగ్ విసిరేసి గుక్కపట్టి ఏడుస్తుంటే మిగతా ఇరవై మందిని కూర్చోబెట్టుకుంటూనే వాడిని ఊరుకోబెట్టగలగాలి అని రాస్తే ఆడా మగా ఎవరికైనా పని అర్థమవుతుంది. "యువ", "యంగ్ అండ్ ఎనర్జిటిక్" అన్న మాటలు పూర్తిగా మానేయాలి, అమెరికాలో 40 దాటినవాళ్లని వయసు వివక్ష నుంచి కాపాడే చట్టం 1967 నుంచే ఉంది, అక్కడ యాడ్‌లో ఇలాంటి మాట పెట్టడం సాధారణంగా చట్టవిరుద్ధమే. చట్టం లేని చోట కూడా, పాతికేళ్లుగా పాఠం చెబుతున్న మనిషిని ఒక్క మాటతో ఎందుకు పొమ్మనాలి.

పిల్లల భద్రత యాడ్ నుంచే మొదలవుతుంది

2002లో ఇంగ్లాండ్‌లో సోహమ్ అనే ఊళ్లో ఇద్దరు పదేళ్ల అమ్మాయిలని ఒక స్కూల్ కేర్‌టేకర్ హత్య చేశాడు. అతని మీద అంతకుముందు వేరే ప్రాంతంలో లైంగిక ఆరోపణలు చాలా వచ్చాయి, ఆ సమాచారం అతన్ని ఉద్యోగంలోకి తీసుకున్నవాళ్ల దాకా చేరలేదు. దాని మీద వేసిన బిచార్డ్ విచారణ 2004లో రిపోర్ట్ ఇచ్చింది, ఆ తర్వాత అక్కడ స్కూల్ రిక్రూట్‌మెంట్ పద్ధతులే మారిపోయాయి. ఇప్పుడు ఇంగ్లాండ్‌లో స్కూళ్లు పాటించాల్సిన ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం, పిల్లల భద్రత విషయంలో స్కూల్ ఎంత పట్టింపుగా ఉందో, ఆ పోస్ట్‌లో పిల్లల భద్రతకి సంబంధించిన బాధ్యతలు ఏంటో, అభ్యర్థి గతం మీద చెకింగ్ ఉంటుందన్న సంగతితో సహా యాడ్‌లోనే రాయాలి. కేవలం రెజ్యూమె తీసుకోకూడదు, స్కూల్ ఇచ్చే అప్లికేషన్ ఫారం నింపించాలి.

ఫారం ఎందుకంటే రెజ్యూమెలో మనిషి తనకి చూపించాలనిపించిందే చూపిస్తాడు. ఫారంలో ఏ నెల నుంచి ఏ నెల దాకా ఎక్కడ పనిచేశారు అని వరసగా అడుగుతారు, మధ్యలో ఏడెనిమిది నెలల గ్యాప్ ఉంటే బయటపడుతుంది. గ్యాప్ ఉన్నంత మాత్రాన తప్పేం లేదు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోక ఆగి ఉండొచ్చు, పిల్లలు పుట్టి ఉండొచ్చు, కానీ అడిగి తెలుసుకోవాలి.

యాడ్‌లో ఈ విషయం రాయడానికి రెండు వాక్యాలు చాలు: "పిల్లలతో పనిచేసే ప్రతి ఒక్కరి గుర్తింపు పత్రాలు, పోలీస్ రికార్డ్, గతంలో పనిచేసిన చోట్ల రిఫరెన్సులు చేరేముందే చూస్తాం. గతంలో పనిచేసిన స్కూళ్లతో నేరుగా మాట్లాడతాం." చెడు ఉద్దేశంతో వచ్చే మనిషి సులువైన చోటు వెతుక్కుంటాడు, ఇక్కడ సులువు కాదని మొదటి పేజీలోనే తెలియాలి. డ్రైవర్, అటెండర్, కోచ్, స్వీపర్, వారానికి ఒక్కరోజు వచ్చే డాన్స్ టీచర్, పిల్లల దగ్గరకి వెళ్లే ఏ పోస్ట్‌కైనా ఇదే.

టీచర్ కాని పోస్టులు

వీటి యాడ్స్ మీద ఎవరూ ఐదు నిమిషాలు కూడా పెట్టరు, "ఆయా కావలెను, డ్రైవర్ కావలెను" అని ఒక లైన్‌తో సరిపెడతారు. బస్ అటెండర్ పని తీసుకోండి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో ఇంటికి పోవచ్చా, స్కూల్‌లోనే ఉండాలా, ఉంటే వేరే పని చెప్తారా, ఆ టైమ్‌కి డబ్బులు ఇస్తారా అన్నదాని మీదే ఆ ఉద్యోగం కుదరడం కుదరకపోవడం ఉంటుంది. ఆ ఒక్క ముక్క యాడ్‌లో ఉంటే చాలు. ఈ పోస్టులకి ఈమెయిల్, రెజ్యూమె అడగడం కూడా అనవసరం, ఒక ఫోన్ నంబర్ ఇచ్చి ఏ టైమ్‌లో చేస్తే ఎత్తుతారో రాసి, ఫారం అక్కడికి వచ్చాక ఆఫీస్‌లో కూర్చోబెట్టి నింపిస్తే సరిపోతుంది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి సహాయకులుగా తీసుకునేవాళ్ల యాడ్ ఇంకా జాగ్రత్తగా రాయాలి. "ఓపిక, సేవాభావం ఉన్నవారు" అని రాసి తీసుకుంటారు, చేరిన మొదటి రోజు పిల్లాడిని టాయిలెట్‌కి తీసుకెళ్లి బట్టలు మార్చాలని తెలుస్తుంది, నడవలేని పాపని వీల్‌చెయిర్ నుంచి కుర్చీలోకి మార్చాలని తెలుస్తుంది, కొందరు మర్నాటి నుంచి రారు. వాళ్లని తప్పు పట్టడానికి లేదు, వాళ్లకి ఎవరూ చెప్పలేదు. "తొమ్మిదేళ్ల పిల్లాడికి తోడుగా ఉండాలి, తనకి మాటలు రావు, బొమ్మల కార్డులతో చెప్తాడు, భోజనం దగ్గర, టాయిలెట్ దగ్గర సాయం కావాలి, ఎలా చేయాలో రెండు వారాలు పక్కన ఉండి నేర్పిస్తాం" అని రాయొచ్చు. పిల్లాడి పేరు గానీ, ఎవరో గుర్తుపట్టేలా వివరాలు గానీ ఉండకూడదు, స్కూల్ చిన్నదైతే వయసు కూడా రాయకపోవడమే మేలు. ఇంత విప్పి రాస్తే ఎవరూ రారేమో అని భయపడతారు, తక్కువమందే వస్తారు, కానీ వచ్చేవాళ్లు తెలిసి వస్తారు, ఆ పిల్లాడికి నెలకో కొత్త మనిషి అలవాటు చేసుకునే బాధ తప్పుతుంది.

యాడ్ ఎక్కడ, ఎలా కనిపిస్తుంది

ఎక్కువమంది ఫోన్‌లోనే చదువుతారు, మొదటి నాలుగు లైన్లలోనే పోస్ట్, తరగతులు, చోటు, జీతం, చేరాల్సిన నెల వచ్చేయాలి. స్కూల్ చరిత్ర, ఎన్నో ఏట స్థాపించారు, ఫౌండర్ ఆశయాలు లాంటివన్నీ చివరికి. హెడ్డింగ్‌లో జనం వెతికే మాటే ఉండాలి, "లెర్నింగ్ ఫెసిలిటేటర్" అని ఎవరూ వెతకరు, "మ్యాథ్స్ టీచర్" అని వెతుకుతారు.

యాడ్‌ని రంగుల బొమ్మగా చేసి వాట్సాప్‌లో తిప్పడం మామూలైపోయింది. తిప్పండి, తప్పు లేదు, కానీ అదే విషయం టెక్స్ట్‌గా కూడా స్కూల్ వెబ్‌సైట్‌లో ఉండాలి. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కి బొమ్మలోని అక్షరాలు సరిగ్గా అందవు, సెర్చ్‌లో కూడా సరిగ్గా దొరకదు. గూగుల్ జాబ్ సెర్చ్‌లో కనిపించాలంటే పేజీలో పోస్ట్ పేరు, వివరణ, వేసిన తేదీ, స్కూల్ పేరు, చోటు నిర్దేశించిన పద్ధతిలో ఉండాలి, వెబ్‌సైట్ చూసుకునేవాళ్లకి చెబితే చేసిపెడతారు. గడువు అయిపోయాక ఆ పేజీ తీసేయాలి.

టైమింగ్ సంగతి కూడా ఉంది. ఉద్యోగంలో ఉన్న టీచర్ పిల్లల్ని పరీక్షల ముందు వదిలేసి రారు, అలా వచ్చేస్తామనేవాళ్లని తీసుకునేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి కూడా. నోటీస్ పీరియడ్ లెక్క వేసుకుని అంతకుముందే యాడ్ వేయాలి. "వెంటనే చేరేవారికి ప్రాధాన్యం" అన్న లైన్ వేశారంటే ఇప్పుడు ఎక్కడా ఉద్యోగంలో లేనివాళ్లనే పిలుస్తున్నట్టు.

చివరి తేదీ, ఇంటర్వ్యూలు ఏ వారంలో, డెమో ఏ క్లాస్‌కి, ఎన్ని నిమిషాలు, టాపిక్ ముందే ఇస్తారా, సెలెక్ట్ కాకపోయినా కబురు చేస్తారా, ఇవన్నీ యాడ్‌లోనే ఉంటే అభ్యర్థి లీవ్ ప్లాన్ చేసుకోగలరు. అప్లై చేయకముందు మాట్లాడటానికి ఒక మనిషి పేరు, నంబర్ ఇవ్వడం ఇంకా మంచిది, ఆ మనిషి ఆఫీస్ క్లర్క్ కాకుండా ఆ డిపార్ట్‌మెంట్ హెడ్ అయితే మరీ మంచిది, ఎందుకంటే వచ్చే ప్రశ్నలు సిలబస్ గురించి, పిల్లల గురించి ఉంటాయి.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది

ఎన్ని అప్లికేషన్లు వచ్చాయన్నది చూడొద్దు. వచ్చినవాటిలో ఇంటర్వ్యూకి పిలవగలిగినవి ఎన్ని, పిలిచినవాళ్లలో నిజంగా వచ్చినవాళ్లు ఎంతమంది, ఆఫర్ ఇస్తే ఒప్పుకున్నారా, ఏడాది తర్వాత ఇంకా ఉన్నారా, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే యాడ్ ఎక్కడ తప్పిందో దాదాపు తెలిసిపోతుంది. అప్లికేషన్లు బోలెడు వచ్చి పిలవదగ్గవాళ్లు లేకపోతే యాడ్ మరీ అస్పష్టంగా ఉంది. ఇంటర్వ్యూ దాకా వచ్చి ఆఫర్ కాదంటున్నారంటే యాడ్‌లో చెప్పనిది ఏదో అక్కడికి వచ్చాక తెలుస్తోంది, ఎక్కువసార్లు అది జీతమో పీరియడ్ల సంఖ్యో అయి ఉంటుంది. చేరి ఆరు నెలల్లో మానేస్తుంటే యాడ్‌లో రాసిన ఉద్యోగం ఒకటి, చేయిస్తున్న ఉద్యోగం ఇంకొకటి.

అసలు ఎవరూ రాకపోతే అదే యాడ్‌ని మళ్లీ వేయడం వల్ల ఉపయోగం ఉండదు. సరిపోతారు కానీ అప్లై చేయలేదు అనిపించే ఇద్దరు ముగ్గురు టీచర్లకి, స్టాఫ్‌కి తెలిసినవాళ్లు ఎవరో ఉంటారు కదా, వాళ్లకి యాడ్ చూపించి "ఎక్కడ ఆగిపోయారు?" అని అడగాలి. జీతం దగ్గర అంటే జీతం సంగతి చూడాలి, పీరియడ్ల దగ్గర అంటే టైమ్‌టేబుల్ తెరవాలి, అర్థం కాలేదంటే అప్పుడు మాత్రం యాడ్ తిరగరాస్తే చాలు.